‘బద్నాం’ తెలుగేనా? అపకీర్తి, అపవాదు, అపనింద ఏది ఎక్కడ వాడాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినావిడది నిజామాబాదు వైపు, ఉద్యోగం హైదరాబాదులో. ఆఫీసు తరఫున ఒక ప్రకటన రాస్తూ “కొందరు పనిగట్టుకొని మా కంపెనీ పేరును బద్నాం చేస్తున్నారు” అని రాశారు. గుంటూరు నుంచి వచ్చిన పై అధికారి అది ఉర్దూ అని కొట్టేసి “మా కంపెనీకి అపకీర్తి చేస్తున్నారు” అని దిద్దారు. రెండిట్లో ఏది ఒప్పు, బద్నాం తెలుగు కాదా, అపకీర్తి, అపవాదు, అపనింద అన్నీ ఒకటేనా అని ఆవిడ సందేహం.

ముందు వాక్యాల సంగతి తేల్చేద్దాం. మీ వాక్యంలో ఒక మాట ఎక్కువైంది, ఆయన వాక్యంలో క్రియ తప్పింది. ‘బద్నాం’లో ఉన్న ‘నాం’ అంటేనే పేరు. కాబట్టి “కంపెనీ పేరును బద్నాం చేయడం” అంటే పేరు రెండుసార్లు వచ్చింది. “మా కంపెనీని బద్నాం చేస్తున్నారు” అంటే చాలు. ఇక అపకీర్తిని తెలుగులో ఎవరూ ‘చేయరు’. తెస్తారు, తెచ్చుకుంటారు, అపకీర్తి పాలవుతారు, మరీ పేపరు భాషలో అయితే మూటగట్టుకుంటారు. ఆయన “అపకీర్తి తెస్తున్నారు” అని దిద్ది ఉంటే వ్యాకరణం కుదిరేది. అయినా మీరు చెప్పదలచుకున్నది అందులో రాదు. ఎందుకు రాదో చెప్పాలంటే కొంచెం పెద్ద కథ.

ఈ మాటలకు నిఘంటువు తెరిస్తే ఒకదానికి ఇంకోటి అర్థంగా రాసి ఉంటుంది. అపకీర్తి అంటే అపఖ్యాతి, అపఖ్యాతి అంటే అప్రతిష్ఠ, అప్రతిష్ఠ అంటే మళ్ళీ అపకీర్తి. అలా గుండ్రంగా తిరిగి మొదటికే వస్తాం. తేడా పట్టుకోవాలంటే ఆ మాట పక్కన ఏ క్రియ వస్తోందో చూడాలి. తప్పు ఎవరిది, చెడ్డ పేరుకు కారణం తానా ఇతరులా అన్నది తెలుగులో క్రియే చెప్పేస్తుంది. నేను చాలా ఏళ్ళు పత్రికల డెస్కుల్లో జిల్లాల వార్తలు దిద్దినవాణ్ని. ఈ మాటల మీద అక్కడ తగువు లేని వారం ఉండేది కాదు.

ఒకటి చెబుతాను. కరీంనగర్ జిల్లా నుంచి ఒక విలేకరి వార్త పంపాడు. ఊరి సర్పంచి నిధులు మింగాడని ఎవరో కరపత్రాలు పంచారు. విచారణకు వచ్చిన అధికారులు లెక్కలు చూసి అంతా సరిగ్గానే ఉందని తేల్చారు. విలేకరి రాసిన వాక్యం: “గిట్టనివాళ్ళు తనను బద్నాం చేశారని సర్పంచి వాపోయారు.” మా డెస్కులో ఒకాయన బద్నాం మీద గీత కొట్టి “తనపై అపవాదు ఉందని సర్పంచి వాపోయారు” అని మార్చాడు. మర్నాడు పొద్దున్నే సర్పంచి ఫోను. “సార్, నా మీద అపవాదు ఉన్నదని నేనెప్పుడన్న? నన్ను బద్నాం చేసిండ్రన్న. అపవాదు ఉన్నదంటే ఇంకా ఉన్నట్టే గద!” ఆయన మాట అక్షరాలా నిజం. ‘బద్నాం చేశారు’ అన్నప్పుడు చేసినవాడు ఎదురుగా కనిపిస్తాడు, పడినవాడు అమాయకుడని చెప్పేవాడి నమ్మకం. ‘అపవాదు ఉంది’ అన్నప్పుడు చేసినవాడు మాయమైపోతాడు, అనుమానం మాత్రం మిగులుతుంది.

బద్నాం పుట్టుక పారశీకం. ‘బద్’ అంటే చెడు, ‘నామ్’ అంటే పేరు. అదే బద్ మనకు బద్మాష్‌లోనూ వినిపిస్తుంది. అక్కడ మాష్ అంటే బతుకుదెరువు, చెడ్డ దారిన బతికేవాడని అర్థం. బద్లాలోది మాత్రం ఈ బద్ కాదు, అది మార్పిడి అనే అర్థం గల అరబ్బీ మాట. ఇంకో చిన్న సరదా ఉంది. ఇంగ్లీషు ‘బ్యాడ్’కూ ఈ ‘బద్’కూ చుట్టరికం ఏమీ లేదు, అచ్చంగా కాకతాళీయం. ‘నామ్’కు మాత్రం సంస్కృత నామంతోనూ ఇంగ్లీషు ‘నేమ్’తోనూ నిజంగానే బంధుత్వం ఉంది. మన ‘పేరు’ది ఇంకో వంశం, అరవంలో పేర్, కన్నడంలో హెసరు దాని తోబుట్టువులు. రాజీనామా, వకాల్తానామాల్లోని ‘నామా’ కూడా వేరు. దానికి పత్రం అని అర్థం. వీలునామాలో ఇంగ్లీషు ‘విల్’కు ఆ నామా తగిలించి మనవాళ్ళు కొత్త మాటే పుట్టించారు.

ఉర్దూలో బద్నాం విశేషణం, అంటే చెడ్డపేరు పడ్డవాడు. ఆ చెడ్డపేరుకు ‘బద్నామీ’ అని వేరే మాట ఉంది. తెలుగులోకి వచ్చేసరికి బద్నామీ పెద్దగా నిలవలేదు, బద్నాం ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. “ఊకె నన్నెందుకు బద్నాం చేస్తున్నవ్?” అన్నది ఒక రకం. “పనంతా ఆమె చెడగొట్టె, బద్నాం నాకు వచ్చె” అన్నది ఇంకో రకం. రెండోదాంట్లో అది నామవాచకమే. ఒక భాష నుంచి మాట తెచ్చుకొని దాని వ్యాకరణాన్ని మన అవసరానికి తిప్పుకున్నామంటే ఆ మాట మనదైపోయినట్టే లెక్క. తెలంగాణలో చదువుతో పని లేకుండా పొలంలో, బస్సులో, పంచాయతీలో దీన్ని వాడతారు. తెలంగాణ రాజకీయ వార్తల్లో “ప్రభుత్వాన్ని బద్నాం చేసే కుట్ర” అన్న మాట కనపడని రోజు ఉండదు. ఆంధ్ర పాఠకులు కూడా దాన్ని చదివి అర్థం చేసుకుంటున్నారు, తమంతట తాము వాడడం తక్కువ.

“అది ఉర్దూ కదా” అన్నవారికి ఒక్కటే జవాబు. పరువు తీసినవాడి మీద మనం వేసేది పరువు నష్టం దావా. అందులో ‘దావా’ అరబ్బీ మాట. స్టేషన్‌లో ఇచ్చేది ఫిర్యాదు, అది పారశీకం. కోర్టు వేసేది జరిమానా, అదీ అక్కడిదే. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువుతో పాటు ఇలాంటి అన్యదేశ్యాలకు, అంటే పరభాషల నుంచి వచ్చిన మాటలకు, విడిగా ఒక నిఘంటువే చేయాల్సి వచ్చింది. అంతగా వీటిని జనం వాడేవారు. గుంటూరు ఆఫీసరుగారు రోజూ ఫిర్యాదు, హామీ, రాజీనామా అని రాస్తూ బద్నాం ఒక్కదాన్నే గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు. ఆయనకు అది పరాయిగా వినిపించడానికి కారణం అది ఉర్దూ కావడం కాదని, తన ఊళ్ళో వినకపోవడమేనని నా ఉద్దేశం. ప్రకటన ఆంధ్ర జిల్లాల్లో కూడా వెళుతుందనుకుంటే “మా కంపెనీకి చెడ్డపేరు తేవాలని చూస్తున్నారు” అని రాయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు. రాజీ పడుతున్నామని అనుకోవద్దు, ఏ మాట ఎవరి చెవికి పడుతుందో చూసుకోవడం రాసేవాడి పనే.

హైదరాబాదులో ఒక ఉర్దూ సామెత వినిపిస్తుంది: “బద్ అచ్ఛా, బద్నాం బురా.” చెడ్డవాడైనా ఫరవాలేదు, చెడ్డపేరు పడ్డవాడు కావడమే కష్టం అని. చేసిన చెడు నలుగురికీ తెలియకపోతే బతుకు నడిచిపోతుంది, చేయని చెడు అంటుకుంటే నడవదు. మన తెలుగులో దీనికి దగ్గరిది తాటిచెట్టు సామెత. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. కాకపోతే మన సామెతలో కాస్త మందలింపు ఉంది, అక్కడెందుకు కూర్చున్నావయ్యా అని.

ఇప్పుడు అపకీర్తి. ఇది పూర్తిగా వేరే మెట్టు మీద ఉండే మాట. దీనికి ముందు షరతు ఏమిటంటే, అంతకుముందు కీర్తి ఉండి ఉండాలి. మా వీధి కిరాణా కొట్టాయన తూకంలో మోసం చేస్తే ఆయనకు చెడ్డపేరు వస్తుంది. “ఆయన అపకీర్తి పాలయ్యాడు” అంటే వినేవాళ్ళు నవ్వుతారు. అదే ఒక ముఖ్యమంత్రి, ఒక మఠాధిపతి, వందేళ్ళ చరిత్ర ఉన్న ఒక విద్యాసంస్థ అయితే అపకీర్తి సరిగ్గా అతుకుతుంది. భగవద్గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుణ్ని యుద్ధానికి లేపుతూ వాడిన వాదన కూడా ఇదే. “సంభావితస్య చాకీర్తిర్మరణాదతిరిచ్యతే.” సంభావితుడు, అంటే నలుగురూ గౌరవించేవాడు. అలాంటివాడికి అపకీర్తి చావుకంటే ఎక్కువ అని. మామూలు సైనికుడు యుద్ధం వదిలి ఇంటికి పోతే ఎవరూ కథలు చెప్పుకోరు, అర్జునుడు పోతే చెప్పుకుంటారు. సంస్కృత శ్లోకంలో ఉన్నది ‘అకీర్తి’, తెలుగులో స్థిరపడింది ‘అపకీర్తి’.

అపకీర్తికి రెండో లక్షణం, అది ఎక్కువగా స్వయంగా సంపాదించుకున్నది. “తెచ్చుకున్నాడు”, “మూటగట్టుకున్నాడు” అన్న క్రియల్లో ‘కొను’ చూశారా? తన కోసం తాను చేసుకోవడాన్ని చెప్పే క్రియారూపం అది. ఈ మూట మీద నాకు ఎప్పుడూ నవ్వు వస్తుంది. పోతన భాగవతంలో వామనుడికి దానం ఇవ్వవద్దన్న శుక్రాచార్యుడితో బలి చక్రవర్తి అంటాడు: “కారే రాజులు, రాజ్యముల్ గలుగవే, గర్వోన్నతిం బొందరే, వారేరీ? సిరి మూటగట్టుకొని పోవంజాలిరే? భూమిపై పేరైనం గలదే?” ఎంతమంది రాజులు సిరిని మూటగట్టుకుపోగలిగారు, వాళ్ళ పేరైనా మిగిలిందా అని. సిరికి వాడి, పట్టుకుపోలేరని చెప్పిన ఆ మూటనే ఇవాళ మన పేపర్లు అపకీర్తికి వాడుతున్నాయి. క్రికెట్ పేజీలో అయితే మరీనూ, సున్నాకు అవుటైన ప్రతివాడూ ఓ చెత్త రికార్డు మూటగట్టుకుంటాడు.

అందుకే మీ ప్రకటనలో అపకీర్తి వద్దంటున్నాను. “కంపెనీకి అపకీర్తి వచ్చింది” అని కంపెనీయే రాసుకుంటే, ఏదో చేసే ఉంటారు అని చదివేవాడికి అనిపిస్తుంది. మీ ఫిర్యాదేమో ఇతరుల మీద.

అపఖ్యాతిని అపకీర్తికి బదులు చాలామంది వాడతారు, తప్పేమీ లేదు. చిన్న తేడా ఉంది. ఖ్యాతి అంటే తెలిసి ఉండడం. కాబట్టి మనుషులకే కాకుండా స్థలాలకూ వస్తువులకూ అపఖ్యాతి బాగా కుదురుతుంది. ప్రమాదాలకు అపఖ్యాతి పొందిన మలుపు ఉంటుంది, అపకీర్తి పొందిన మలుపు ఉండదు. ఇక్కడ ఇంకా మంచి తెలుగు నుడికారం ఒకటి ఊరికే పడి ఉంది. లడ్డుకు బందరు పెట్టింది పేరు, కాజాకు తాపేశ్వరం పెట్టింది పేరు అంటాం కదా, అదే నోటితో “ట్రాఫిక్ జామ్‌కు అమీర్‌పేట పెట్టింది పేరు” అని కూడా అంటాం. మంచికీ చెడుకీ ఒకే మాట, వెటకారం గొంతులో ఉంటుంది.

అపవాదు, అపనింద, అభాండం. ఈ మూడూ పేరు గురించిన మాటలు కావు. ఎదుటివాళ్ళు అనే మాట గురించినవి. వాటి ఫలితంగా పేరు పోవచ్చు, పోకపోవచ్చు. మూడింటిలో అపవాదు కాస్త తటస్థం. అది నిజమో అబద్ధమో ఆ మాట చెప్పదు. “ఆయనకు కోపం ఎక్కువన్న అపవాదు ఉంది” అంటే ఉండవచ్చు, లేకపోవచ్చు. ఉత్తర రామాయణంలో సీతమ్మను అడవికి పంపడానికి కారణమైంది లోకాపవాదం. ఆమె నిర్దోషి అని రాముడికి తెలుసు, అయినా లోకం అంటోంది, అంతే. అక్కడ సీతకు అపకీర్తి వచ్చిందని ఎవరూ అనరు, అంటే మహాపరాధం. అన్నట్టు, సంస్కృత వ్యాకరణంలో సాధారణ సూత్రానికి మినహాయింపును కూడా అపవాదమే అంటారు. ఆ అర్థం మన వాడుకలోకి రాలేదు.

అపనింద మాత్రం అబద్ధమని తన నోటితోనే చెబుతుంది. నింద నిజం కావచ్చు, అపనింద ఎప్పటికీ కాదు. ఇది తెలుగువాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు, ఏటా వినాయక చవితి నాడు అక్షింతలు చేతిలో పట్టుకొని వింటాం. శమంతకమణి ధరించి వేటకు వెళ్ళిన ప్రసేనుణ్ని సింహం చంపింది. సింహాన్ని జాంబవంతుడు చంపి మణిని తన బిడ్డకు ఆటవస్తువుగా ఇచ్చాడు. మణి కోసం కృష్ణుడే చంపాడని సత్రాజిత్తు అన్నాడు, ఊరంతా అంది. కృష్ణుడు అడుగుజాడలు వెతుక్కుంటూ పోయి, గుహలో మణి పట్టుకొని, తెచ్చి ఇచ్చి నింద పోగొట్టుకున్నాడు. చవితి చంద్రుణ్ని చూసినందుకు వచ్చిన నీలాపనింద అది. అందుకే ఏ పాపం ఎరగనివాడి మీద ఏదైనా పడితే “చవితి చంద్రుణ్ని చూశాను కాబోలు” అని నిట్టూరుస్తాడు. మీ కంపెనీ నిజంగా ఏ తప్పూ చేయలేదని నొక్కి చెప్పాలంటే, కాస్త గంభీరంగా ఉన్నా, “మా మీద అపనిందలు వేస్తున్నారు” అన్నది సూటిగా తగులుతుంది. అపనింద వేస్తారు, మోపుతారు. పడ్డవాడు మోస్తాడు.

నీలాపనిందలోని ‘నీల’ గురించి ఒక ముక్క, అసలు విషయానికి కాస్త పక్కదే. పాత భాషలో నీలం అంటే నలుపు కూడా, నీలవేణి అంటే నల్లటి జడ గలది. కావ్యాల్లో రంగులకు ఒక కట్టుబాటు ఉంది, కవిసమయం అంటారు. కీర్తి తెలుపు, అపకీర్తి నలుపు. అందుకే ప్రబంధాల్లో రాజుగారి కీర్తి వెన్నెలలా దిక్కులన్నిటినీ తెల్లబరుస్తూ ఉంటుంది. మనం ఇప్పటికీ మచ్చ, కళంకం, మసి పూయడం అంటున్నది ఆ నలుపే. కళంకం అసలు చంద్రుడి మీది మచ్చ పేరు. మచ్చ ఉన్న చంద్రుణ్ని చూస్తే మనకు మచ్చ పడుతుందన్న నమ్మకంలో ఓ పొంతన కనిపిస్తుంది నాకు.

అభాండం పూర్తిగా ఇంటి మాట. అపనింద చేసే పనినే చేస్తుంది కానీ కోపంగా. “నా మీద అభాండాలు వేయకు” అని తోడికోడళ్ళు అనుకుంటారు, ఆఫీసు ప్రకటనలో రాయరు. మీరు బద్నాం అనే చోట కోస్తావాళ్ళు ఏమంటారంటే, “లేనిపోనివి చెప్పి అల్లరి పెడుతున్నారు”, “యాగీ చేస్తున్నారు”, “బురద చల్లుతున్నారు” అంటారు. ‘అల్లరి’ పిల్లలదే అనుకోకండి, “పిల్లను అల్లరి పాలు చేశారు” అన్నప్పుడు దాని బరువు బద్నాం కన్నా ఎక్కువే.

కోర్టు, పోలీసు వార్తలు రాసేటప్పుడు అపవాదు, అపనింద, అభాండం మూడూ పక్కన పెట్టండి. ఒకరు అంటే ఆరోపణ, చార్జిషీటులోకి ఎక్కితే అభియోగం. “ఆయనపై అపనింద వేశారు” అని విలేకరి రాస్తే తీర్పు చెప్పినట్టే, ఎందుకంటే అది అబద్ధమని మాటలోనే ఉంది. పరువు నష్టానికి నేర చట్టం కూడా ఉంది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 499, 500 సెక్షన్లుగా ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ అయింది. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, కొత్త చట్టంలో సమాజ సేవ కూడా చేర్చారు. ఇది నేరంగా ఉండకూడదన్న వాదనను సుప్రీంకోర్టు 2016లో ఒప్పుకోలేదు. చాలామందికి తెలియని సంగతి, చనిపోయినవారి గురించి రాసినా, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశం ఉంటే ఈ సెక్షన్ కిందికి రావచ్చు. నిజమే రాశాను కదా అంటే అదొక్కటే సరిపోదు, అది ప్రజల మేలు కోసం అయి ఉండాలి.

ఇళ్ళలో అసలు వినిపించే మాట వీటిలో ఏదీ కాదు. ‘మాట’. “మాట రానివ్వకు.” “ఇంటికి మాట తెచ్చావు.” “మాట పడి బతకడం నా వల్ల కాదు.” చెడు అన్న ముక్క ఎక్కడా లేదు, అయినా వినేవాడికి చురుక్కుమంటుంది. పెళ్ళి సంబంధం వాకబుకు వెళ్ళొచ్చిన పెద్దాయన ఇంట్లో చెప్పే తీరు గమనించండి. “ఆస్తి పెద్దగా లేదు, కుర్రాడు నెమ్మదస్తుడు, ఇంటి మీద ఎక్కడా మాట లేదు.” మూడు ముక్కల్లో చివరిదానికే సంబంధం ఖాయమయ్యేది. మాట అంటే ఊరి నోరు. అదే ఊరి నోరు వీధి నుంచి రచ్చబండ దాకా వెళితే రచ్చకెక్కడం, అంగడి దాకా వెళితే బజారున పడడం. పరువు పోయింది అన్నది ఆ తరవాతి మెట్టు. తెలంగాణలో పరువుకు తోడు ఇజ్జత్ ఉంది, “ఇజ్జత్ తీసిండు” అంటే నలుగురి ముందు తీశాడనే. బద్నాం చాటుగా కూడా చేయవచ్చు, ఇజ్జత్ తీయాలంటే మాత్రం చూసేవాళ్ళు ఉండాలి.

వీటిలో ఏదీ సరిపోని సందర్భాలూ ఉంటాయి. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం అని రైల్వే స్టేషన్ ఉంది. బ్రిటిషువాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. కొన్ని కులాల్లో పుట్టినవాళ్ళను పుట్టుకతోనే నేరస్థులని జాబితా కట్టి, పోలీసులకు హాజరు వేయించుకోమన్నారు. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు ఆ ఊరు, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ నడిపింది. 1952లో చట్టం దేశమంతటా రద్దయింది. ఆ ఊరి పేరు పక్కన ‘దొంగలు’ అన్న మాట మాత్రం రద్దు కాలేదు, తరాల తరవాత చదువుకొని ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లలను కూడా వెంటాడింది. దీన్ని అపకీర్తి అనకూడదు, వాళ్ళకు ముందు కీర్తి ఇచ్చిందెవరు? అపవాదు అంటే చాలా చిన్నదవుతుంది. ఇక్కడ ‘ముద్ర’ అన్నదే సరైన మాట. సర్కారు వేసింది కాబట్టి, వేసినవాడు పోయినా చెరగదు కాబట్టి. ‘స్టూవర్టుపురం అపకీర్తి’ అని శీర్షిక వస్తే నేను ఉన్న డెస్కులో అది దాటేది కాదు.

ఇంగ్లీషు నుంచి నేర వార్తలు అనువదించేవాళ్ళు తరచూ జారేది ఇంకో చోట. చెడుకు పేరుపడ్డవాడు అనడానికి ‘ప్రముఖ దొంగ’, ‘ప్రఖ్యాత స్మగ్లర్’ అని రాసేస్తారు. హిందీ పక్క నుంచి వచ్చేవాళ్ళు ‘కుఖ్యాత’ అంటారు, అది మనకు నోటికి ఎక్కలేదు. తెలుగులో ‘పేరుమోసిన’ ఉంది, ‘కరుడుగట్టిన’ ఉంది. పేరుమోసిన డాక్టరు, పేరుమోసిన దొంగ రెండూ సరే, తరవాత వచ్చే మాటే చెబుతుంది. ‘ఘరానా’కు ఉర్దూలో వంశం అని అర్థం. మన దగ్గర దర్జాగా, పెద్దమనిషి వేషంలో మోసం చేసేవాడు ఘరానా దొంగ అయ్యాడు.

వర్ణక్రమం సంగతి కూడా. ‘అపకీర్తి’లో తకు ఒత్తు లేదు, ‘అపకీర్థి’ తప్పు. ‘అపఖ్యాతి’లో ఖ ఉండాల్సిందే. ‘అప్రతిష్ఠ’లో ఠ సరైనది, పత్రికల్లో ‘అప్రతిష్ట’ అని ట పెట్టేస్తున్నారు, చూసి చూసి దానికే అలవాటు పడ్డాం, అయినా పుస్తకంలో అయితే నేను ఠ పెడతాను. బద్నాం, బద్నామ్ రెండూ కనిపిస్తున్నాయి. తెలుగులో మాట చివరి మకారాన్ని సున్నాగా రాయడమే వాడుక కాబట్టి బద్నాం అని రాయండి. ‘బదనాం’ అని రాస్తే హిందీ పోస్టరు చూసి రాసినట్టుంటుంది.